సీబీడీ నూనె తయారీ, మోతాదు, ధర: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

జీడిమెట్లలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీ క్యూసీ ల్యాబ్‌లో ఉద్యోగం మొదలుపెట్టాను. ఇప్పుడు అమెరికాలో హెంప్ శాంపిళ్లు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తున్నాను, రోజంతా హెచ్‌పీఎల్‌సీ మెషీన్ల ముందే, అంటే దేనిలో ఏ పదార్థం ఎంతుందో విడదీసి కొలిచే యంత్రాల ముందే గడుస్తుంది. అందుకే ఏ ఫంక్షన్‌కి వెళ్లినా ఎవరో ఒకరు పక్కకి పిలిచి, ఫోన్లో ఒక సీబీడీ నూనె (గంజాయి జాతి మొక్కలోంచి తీసే, మత్తెక్కించని పదార్థం కలిపిన నూనె) సీసా ఫోటో చూపించి "ఇది మంచిదేనా, మోకాళ్లకి పనిచేస్తుందా, ఎన్ని చుక్కలు వేసుకోవాలి" అని అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, సీసాలో ఏముందో కొలిచేవాణ్ణి. ఆ కొలతల గురించి మాత్రం గట్టిగా చెప్పగలను.

హెంప్, గంజాయి, జనుము అన్నీ ఒకటేనా?

హెంప్, గంజాయి ఒకటే మొక్క, కానాబిస్. జనుము వేరు. మన తెలుగు వార్తల్లో హెంప్ అనే మాటకి జనపనార అనో జనుము అనో రాసేస్తుంటారు కాబట్టి ఈ గందరగోళం వచ్చింది. మన పొలాల్లో పచ్చిరొట్టగా చల్లి దుక్కిలో కలిపేసే జనుము పప్పుజాతి మొక్క, పసుప్పచ్చ పూలు పూస్తుంది. దానిలో సీబీడీ లేదు, మత్తూ లేదు. ఇంగ్లీషులో దాన్ని సన్ హెంప్ అంటారు, ఆ రెండో మాట చూసి పొరబడతారు, అంతే.

కానాబిస్ మొక్కలో కానబినాయిడ్లు అనే రసాయనాలు వందకి పైగా ఉన్నాయి. వాటిలో మత్తెక్కించేది ముఖ్యంగా టీహెచ్‌సీ, మత్తెక్కించనిది సీబీడీ. అమెరికాలో ఫార్మ్ బిల్లు అనే 2018 వ్యవసాయ చట్టం ప్రకారం ఎండబెట్టిన బరువులో డెల్టా-9 టీహెచ్‌సీ 0.3 శాతం దాటకపోతే ఆ మొక్క హెంప్, దాటితే మారిజువానా. అంటే తేడా చట్టం గీసిన గీతలో ఉంది తప్ప మొక్క జాతిలో లేదు.

ఆ 0.3 శాతం ఎలా వచ్చింది?

కెనడాలో ఎర్నెస్ట్ స్మాల్ అనే వృక్షశాస్త్రవేత్త 1970లలో ఈ మొక్కల్ని వర్గీకరించడానికి పెట్టుకున్న సౌలభ్యపు గీత అది. ఆరోగ్యానికి ఇంతవరకు ఫరవాలేదని లెక్కకట్టి పెట్టింది కాదు. ఈ సంగతి ఎందుకు ముఖ్యమంటే, ఆకు మీద 0.3 శాతం చాలా తక్కువే కానీ నూనె సీసాకి అదే శాతం పెడితే అంత చిన్నదేం కాదు. 30 మిల్లీలీటర్ల నూనె సుమారు 28 గ్రాముల బరువుంటుంది, దానిలో 0.3 శాతం అంటే 84 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ. నాలుగు గ్రాముల గమ్మీ (జెల్లీలా నమిలే మిఠాయి) ఒక్కదానిలో 12 మిల్లీగ్రాములు, అలవాటు లేనివాళ్ల తల తిరగడానికి అది చాలు. 2018 చట్టప్రకారం అదీ "హెంప్" గమ్మీయే. ఈ కంతని మూయడానికే 2025 నవంబరులో అమెరికాలో కొత్త నిబంధన వచ్చింది. తయారైన సరుకులో ఒక డబ్బాకి మొత్తం టీహెచ్‌సీ 0.4 మిల్లీగ్రాములు దాటకూడదు, ఏడాది గడువు తర్వాత అమలు అని. ఇప్పుడు అల్మరాల్లో ఉన్న ఫుల్ స్పెక్ట్రమ్ సీసాల్లో, అంటే కొంచెం టీహెచ్‌సీని కూడా ఉంచేసినవాటిలో, చాలా వరకు ఆ గీత దాటేవే.

మొక్కలోంచి సీసాలోకి సీబీడీ ఎలా వస్తుంది?

దీనికి కాస్త ఓపిగ్గా చెప్తాను, ఎందుకంటే తయారీ తెలిస్తే లేబుల్ మీద మాటలు సగం వాటంతటవే అర్థమవుతాయి.

సీబీడీ ఎక్కువగా ఉండేది ఆడమొక్క పూతలో. పూగుత్తిని వేళ్ల మధ్య నలిపితే బంకలా అంటుకుంటుంది. ఆ బంక పూల మీదుండే సన్నటి నూగులో తయారవుతుంది, కానబినాయిడ్లన్నీ దానిలోనే ఉంటాయి. కాడలో చాలా తక్కువ, గింజలో దాదాపు ఏమీ ఉండదు. కోతకి ముందు 30 రోజుల లోపల అధికారులు శాంపిల్ తీసి టీహెచ్‌సీ చూస్తారు. పరిమితి దాటితే ఆ పంటని అమ్మడానికి లేదు, నాశనం చెయ్యాలి, లేదా పరిమితికి లోబడేలా సరిచెయ్యాలి. పూత ముదిరేకొద్దీ సీబీడీతోపాటు టీహెచ్‌సీ కూడా పెరుగుతుంది, కాబట్టి రైతు ఇంకో వారం ఆగుదామా, ఇప్పుడే కోసేద్దామా అని నిద్రపట్టని టెన్షన్ పడతాడు. మన మిర్చి రైతు వాన మబ్బు చూసి కళ్లంలో కాయల గురించి పడే టెన్షన్ లాంటిదే.

కోసి, ఆరబెట్టి, పొడి కొట్టాక సారం తియ్యాలి. పెద్దగా వాడేవి రెండు పద్ధతులు. ఒకటి చల్లటి ఇథనాల్‌లో పొడిని కడగడం. ఇథనాల్ ఎంత చల్లగా ఉంటే ఆకుపచ్చ రంగూ మైనమూ అంత తక్కువ దిగుతాయి, అందుకే సున్నాకి 30, 40 డిగ్రీలు కింద వాడేవాళ్లున్నారు. రెండోది కార్బన్ డయాక్సైడ్ పద్ధతి. ఆ వాయువుని 31 డిగ్రీల వేడి, సుమారు 74 బార్ల ఒత్తిడి దాటించితే అది వాయువూ కాకుండా ద్రవమూ కాకుండా ఉంటుంది, ద్రవంలా సారాన్ని కరిగించుకుంటుంది, ఒత్తిడి తీసేస్తే గాలిలా ఎగిరిపోతుంది. మిషన్ ఖరీదు ఎక్కువ, పని నిదానం. "మాది సీఓటూ పద్ధతి కాబట్టి స్వచ్ఛం" అని ప్రకటనల్లో ఊదరగొడతారు గానీ శ్రద్ధగా చేస్తే ఇథనాల్‌తోనూ అంతే శుభ్రమైన సరుకు వస్తుంది, నిర్లక్ష్యంగా చేస్తే సీఓటూతోనూ చెత్త వస్తుంది. నేను రెండూ చూశాను.

ఇలా వచ్చింది క్రూడ్. ముదురు గోధుమరంగులో, చలిమిడి పాకం కంటే చిక్కగా, ఘాటు వాసనతో ఉంటుంది. దీనిలో మైనం ఉంటుంది కాబట్టి ఆల్కహాల్‌లో కరిగించి డీప్ ఫ్రీజర్‌లో పెడతారు. చలికాలంలో కొబ్బరినూనె సీసాలో పేరుకుపోతుంది చూడండి, అలా మైనం తెల్లగా పేరుకుంటుంది, వడకట్టి తీసేస్తారు. దీన్నే వింటరైజేషన్ అంటారు. తర్వాత ఆల్కహాల్‌ని ఆవిరి చేసి లాగేస్తారు.

మొక్కలో నిజానికి ఉండేది సీబీడీ కాదు, సీబీడీఏ, దాని ఆమ్ల రూపం. దాన్ని 110, 120 డిగ్రీల దగ్గర వేడి చేస్తే కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా పోయి సీబీడీ మిగులుతుంది. ఆ వాయువు పోయినంత మేరా బరువు తగ్గుతుంది, వంద గ్రాముల సీబీడీఏ నుంచి సుమారు 88 గ్రాముల సీబీడీ వస్తుంది. రిపోర్టుల్లో కనిపించే 0.877 అనే అంకె ఇదే.

ఆపైన వాక్యూమ్‌లో డిస్టిల్ చేస్తే తేనెరంగు డిస్టిలేట్ వస్తుంది, దానిలో సీబీడీ 80 శాతం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. డిస్టిలేట్‌ని హెప్టేన్, పెంటేన్ లాంటి సాల్వెంట్‌లో (కరిగించే ద్రవంలో) కరిగించి మెల్లగా చల్లారిస్తే, పటికబెల్లం కట్టినట్టు గింజలు కడతాయి. కడిగి ఆరబెడితే తెల్లటి పొడి, 99 శాతం సీబీడీ. ఇదే ఐసోలేట్. మొదటిసారి చూసినప్పుడు నాకు పాత బల్క్ డ్రగ్ రోజులు గుర్తొచ్చాయి. అదే రియాక్టరు, అదే ఫిల్టరు, అదే సాల్వెంట్ వాసన. ప్యాకెట్ మీద ఎన్ని ఆకుల బొమ్మలు వేసినా, ఇది కెమికల్ ప్లాంటులో తయారయ్యే సరుకు. అది తప్పని కాదు, కాకపోతే మందు తయారీలో ఉండాల్సిన జాగ్రత్తలన్నీ దీనికీ ఉండాలి.

చివరికి ఆ సారాన్ని కొబ్బరి నుంచి తీసిన ఎంసీటీ నూనెలో కలిపి, వాసన చేర్చి, సీసాలో నింపుతారు.

ఫుల్ స్పెక్ట్రమ్, బ్రాడ్ స్పెక్ట్రమ్, ఐసోలేట్‌లలో ఏది కొనాలి?

ఫుల్ స్పెక్ట్రమ్‌లో కొంచెం టీహెచ్‌సీతో సహా మొక్కలో ఉన్నవన్నీ ఉంటాయి. బ్రాడ్ స్పెక్ట్రమ్‌లో టీహెచ్‌సీని తీసేసి మిగతావి ఉంచుతారు, లేదా ఉంచామంటారు. ఐసోలేట్ అంటే సీబీడీ ఒక్కటే. అన్నీ కలిసి ఉంటే బాగా పనిచేస్తుందనే మాట బాగా ప్రచారంలో ఉంది, మనుషుల మీద దానికి గట్టి రుజువులు తక్కువ. ఉద్యోగంలో డ్రగ్ టెస్ట్ ఉన్నవాళ్లు ఫుల్ స్పెక్ట్రమ్ జోలికి వెళ్లొద్దు. మిగతా వాటిలోనూ రిపోర్టు చూడకుండా నమ్మొద్దు.

హెంప్ సీడ్ ఆయిల్ కూడా ఇదేనా, సగం ధరకే దొరుకుతోంది?

కాదు. అది గింజల్ని గానుగాడితే వచ్చే వంటనూనె. ఒమేగా-3, ఒమేగా-6 ఉంటాయి, మంచి నూనే, కానీ సీబీడీ ఉండదు. లేబుల్ మీద ఆకు బొమ్మ వేసి, సీబీడీ అనే మాట ఎక్కడా రాయకుండా, సీబీడీ నూనెల వరసలో పెట్టి అమ్ముతుంటారు. వెనక తిప్పి చూడండి, సీబీడీ ఇన్ని మిల్లీగ్రాములు అని లేకపోతే అది గింజల నూనె.

సీసా మీద 1500 అని ఉంది. అంటే ఏమిటి?

అక్కడే చాలామంది పొరబడతారు. 1500 అన్నది సీసా మొత్తానికా, ఒక మోతాదుకా? సీబీడీయా, లేక "హెంప్ ఎక్స్‌ట్రాక్ట్" బరువా? హెంప్ ఎక్స్‌ట్రాక్ట్ 1500 మిల్లీగ్రాములు అంటే అందులో సీబీడీ ఎంతైనా ఉండొచ్చు, సగమే ఉండొచ్చు, పదోవంతే ఉండొచ్చు. సీబీడీ అని విడిగా రాసిన అంకె ఒక్కటే లెక్కలోకి తీసుకోండి.

అది సీసా మొత్తానికి 1500 అయితే, 30 మిల్లీలీటర్లతో భాగిస్తే మిల్లీలీటరుకి 50 మిల్లీగ్రాములు. డ్రాపర్ నిండా అంటే సాధారణంగా ఒక మిల్లీలీటరు. చుక్కల్లో లెక్కపెట్టడం మానెయ్యండి, దయచేసి. నూనె చిక్కదనాన్ని బట్టి, డ్రాపర్ మూతిని బట్టి ఒక మిల్లీలీటరుకి 20 చుక్కలు పడొచ్చు, 30 పడొచ్చు. "మా వదిన పది చుక్కలు వేసుకుంటుంది, నేనూ పదే వేసుకుంటా" అని ఒకావిడ నాతో అన్నారు. వదినగారి సీసా 300, ఈవిడ సీసా 3000. పది చుక్కలు పదే, లోపలికి వెళ్లేది మాత్రం పదింతలు. గీతలున్న డ్రాపర్ కొనుక్కుని మిల్లీగ్రాముల్లోనే మాట్లాడుకోండి.

సీఓఏ అంటే ఏమిటి, ఎలా చదవాలి?

సర్టిఫికెట్ ఆఫ్ అనాలిసిస్. బయటి ల్యాబ్ ఇచ్చే పరీక్ష రిపోర్టు. సీసా మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే రావాలి. రాకపోతే ఆ సీసా అక్కడే పెట్టేసి వచ్చెయ్యండి.

ముందు బ్యాచ్ నంబరు చూడండి. సీసా మీదున్నదీ రిపోర్టులోదీ ఒకటే కావాలి. రెండేళ్ల కిందటి ఒక్క మంచి రిపోర్టునే అన్ని బ్యాచ్‌లకీ చూపించేవాళ్లున్నారు. ల్యాబ్‌కి ఐఎస్ఓ 17025 గుర్తింపు, అంటే పరీక్షల ల్యాబ్‌లకిచ్చే అంతర్జాతీయ ప్రమాణపు గుర్తింపు, ఉందా చూడండి. తర్వాత కానబినాయిడ్ల పట్టిక. అక్కడ సీబీడీ చాలాసార్లు గ్రాముకి ఇన్ని మిల్లీగ్రాములు అని ఉంటుంది, మిల్లీలీటరుకి కాదు. మనం మార్చుకోవాలి.

మా స్నేహితుడొకడు వాళ్ల నాన్నగారి కోసం 69 డాలర్లు పెట్టి 1500 సీసా కొన్నాడు. రిపోర్టు ఉంది, బ్యాచ్ నంబరు సరిపోయింది, అన్నీ బాగానే ఉన్నాయనుకున్నాడు. నేను పట్టిక చూస్తే సీబీడీ గ్రాముకి 38.2 మిల్లీగ్రాములు. ఎంసీటీ నూనె నీళ్లకన్నా తేలిక, మిల్లీలీటరు 0.95 గ్రాములు తూగుతుంది, అంటే 30 మిల్లీలీటర్లు 28.5 గ్రాములు. 38.2ని 28.5తో హెచ్చవేస్తే 1089. లేబుల్ మీద 1500, లోపల 1089. నాలుగోవంతు పైగా లేదు! ఆ కంపెనీ తన లోటుని తన రిపోర్టులోనే పెట్టి, ఎవరూ లెక్కవెయ్యరనే ధీమాతో అమ్ముతోంది. నాకు చాలా కోపం వచ్చింది. డబ్బు సంగతి అలా ఉంచి, ఆ పెద్దాయన రోజూ ఎంత వేసుకుంటున్నారో ఆయనకే తెలియదు కదా.

ఇది అరుదైన సంగతేం కాదు. 2017లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన పరిశోధనలో ఆన్‌లైన్‌లో అమ్మే 84 సీబీడీ సరుకులు పరీక్షిస్తే లేబుల్‌కి దగ్గరగా ఉన్నవి 31 శాతమే. 43 శాతంలో చెప్పినదానికంటే ఎక్కువుంది, 26 శాతంలో తక్కువుంది. 18 శాంపిళ్లలో టీహెచ్‌సీ కనిపించింది.

ఇంకా మిగతా పేజీలు కూడా తిప్పండి. భారలోహాలు, అంటే సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, పాదరసం. హెంప్ వేళ్లు నేలలోంచి లోహాల్ని బాగా లాగుతాయి, పైగా సారం తీసినప్పుడు సీబీడీతోపాటు పురుగుమందుల అవశేషాలూ చిక్కబడతాయి. మిగిలిపోయిన సాల్వెంట్లు, బూజు, బాక్టీరియా కూడా చూడాలి. సీబీడీ శాతం ఒక్కటే ఉన్న ఒంటి పేజీ రిపోర్టు అరకొర రిపోర్టు. "ఎన్‌డీ" అని ఉంటే మా మెషీన్‌కి కనిపించలేదని అర్థం, అసలు లేదని కాదు. పక్కనే ఎంతవరకు కొలవగలమో ఆ హద్దు రాసి ఉంటుంది, టీహెచ్‌సీ గురించి పట్టింపు ఉన్నవాళ్లు అది చూడాలి.

రోజుకి ఎంత వేసుకోవాలి?

అందరూ ముందుగా అడిగేది ఇదే, అందరికీ ఒకే అంకె చెప్పడం కుదరనిదీ ఇదే. కాబట్టి నిక్కచ్చిగా తెలిసిన అంకెలు మీ ముందు పెడతాను.

సీబీడీతో తయారై పూర్తి పరీక్షలు దాటిన మందు ఎపిడియోలెక్స్. అమెరికాలో మందుల్ని అనుమతించే సంస్థ ఎఫ్‌డీఏ 2018 జూన్‌లో అనుమతించింది, లెనాక్స్-గస్టో, డ్రావే అనే తీవ్రమైన మూర్ఛ జబ్బులకి. 2020లో ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జబ్బుతో వచ్చే మూర్ఛని కూడా చేర్చింది. మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాముల సీబీడీ, అదీ నువ్వులనూనెలో. మొదటి రెండు జబ్బులకి కిలో బరువుకి రోజుకి 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారం తర్వాత 10కి, అవసరమైతే 20 దాకా పెంచుతారు. 60 కిలోల మనిషికి 10 చొప్పున వేస్తే రోజుకి 600 మిల్లీగ్రాములు. డాక్టరు పర్యవేక్షణలో, లివర్ పరీక్షలు చేయిస్తూ.

ఆందోళన సంగతికొస్తే, బ్రెజిల్లో ఒక పరిశోధన జరిగింది, 2019లో అచ్చయింది. జనం ముందు మాట్లాడబోయేవాళ్లకి 150, 300, 600 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే 300 తీసుకున్నవాళ్లలోనే బెరుకు తగ్గింది. ఎక్కువ వేసుకుంటే ఎక్కువ పనిచేస్తుందనుకోవడానికి లేదన్నమాట. అదీ ఒక్కసారి ఇచ్చి చూసింది, నెలల తరబడి కాదు.

ఇటు పక్క, బ్రిటన్ ఆహార భద్రతా సంస్థ 2023 అక్టోబరులో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు రోజుకి 10 మిల్లీగ్రాములు దాటొద్దని సలహా ఇచ్చింది, అంతకుముందు అది 70 ఉండేది. ఏళ్ల తరబడి రోజూ వేసుకుంటే లివర్ మీద, థైరాయిడ్ మీద ఏమవుతుందోనన్న జాగ్రత్తతో తగ్గించారు. అమెరికాలో ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలు ఆరోగ్యవంతులకి కిలో బరువుకి రోజుకి 5 మిల్లీగ్రాముల చొప్పున 28 రోజులు ఇచ్చి చూస్తే సుమారు 5.6 శాతం మందిలో లివర్ ఎంజైములు (లివర్ మీద భారం పడుతోందనడానికి గుర్తు) మామూలుకి మూడింతలు దాటాయి. ఇది 2025లో అచ్చయింది.

ఇప్పుడు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఫలితం కనిపించిన పరిశోధనల్లో వాడింది వందల మిల్లీగ్రాములు, షాపుల్లో గమ్మీలో ఉండేది 10, 25. రోజూ వేసుకోవడానికి ఫరవాలేదన్న హద్దు 10. ఈ మధ్యలో ఉన్న ఖాళీ గురించి ఏ లేబులూ మీకు చెప్పదు. మోకాళ్ల నొప్పికి, నిద్రకి చిన్న మోతాదు పనిచేస్తుందని చెప్పగలిగినంత రుజువు లేదు. కొందరికి హాయిగా అనిపిస్తుంది, వాళ్ల మాట నేను కాదనను, కానీ మీ అమ్మగారికి కొనమని నేను చెప్పలేను.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, లివర్ జబ్బున్నవాళ్లు దీని జోలికి వెళ్లకూడదు. పిల్లల మూర్ఛకి అయితే న్యూరాలజిస్టు రాసిన మందే, షాపు సీసా కాదు.

భోజనానికి ముందా, తర్వాతా?

ఎప్పుడైనా సరే, రోజూ ఒకేలా. కొవ్వున్న భోజనంతో వేసుకుంటే ఖాళీ కడుపుతో పోలిస్తే ఒంటికి పట్టేది నాలుగైదింతలు అవుతుంది. ఒకరోజు ఉపవాసం, మర్నాడు నెయ్యి వేసుకున్న పప్పన్నం తర్వాత వేసుకుంటే సీసా అదే, మోతాదు అదే, రక్తంలో అంకె మాత్రం ఎక్కడో ఉంటుంది. నాలుక కింద పెట్టుకుంటే నేరుగా రక్తంలోకి పోతుందంటారు గానీ నూనె కదా, ఎక్కువభాగం మింగేస్తాం.

నేను వేరే మందులు వాడుతున్నాను. ఫరవాలేదా?

ఈ పేజీలో ఇంకేదీ చదవకపోయినా ఇది చదవండి. సీబీడీ లివర్‌లో మందుల్ని విరిచే ఎంజైముల్ని అడ్డుకుంటుంది. దానితో ఇతర మందులు రక్తంలో పేరుకుపోతాయి. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు, మూర్ఛకి వాడే క్లోబజామ్, అవయవ మార్పిడి తర్వాత వాడే టాక్రోలిమస్ ఈ జాబితాలో ముందుంటాయి. మూర్ఛకే వాడే వాల్‌ప్రోయేట్‌తో కలిస్తే లివర్ ఎంజైములు పెరుగుతాయి. రక్తం గడ్డకట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్‌ది ఇంకో తంటా, అది లివర్‌లో మారితేనే పనిచేసే మందు, ఆ మార్పుకి అడ్డుపడితే పని తగ్గే ప్రమాదం ఉంది.

మా అత్తయ్యగారికి గుండె వాల్వ్ మార్చారు, అసిట్రోమ్ వాడతారు, వార్ఫరిన్ కుటుంబంలోదే. ఆవిడ మా దగ్గరికి వచ్చినప్పుడు వాకింగ్‌లో పరిచయమైన ఒకావిడ ప్రేమగా ఒక సీబీడీ సీసా ఇచ్చారు, మోకాళ్లకి మంచిదని. ఆకు మందే కదా అని అత్తయ్యగారు మాకు చెప్పలేదు. నాలుగో రోజు వంటింటి కిటికీ దగ్గర అసిట్రోమ్ స్ట్రిప్పు పక్కన ఆ సీసా చూసి నా గుండె జారిపోయింది. రోజూ ఈ పని చేసే నాకే మా ఇంట్లో ఆ సంగతి తెలియలేదు. వెంటనే ఆపించి ఫార్మసిస్టుకి ఫోన్ చేసి, మర్నాడే ఐఎన్ఆర్ (రక్తం ఎంత నెమ్మదిగా గడ్డకడుతోందో చూసే పరీక్ష) చేయించాం. ఆవిడకి ఎప్పుడూ ఉండేదానికంటే కాస్త పైకి ఉంది, వారంలో మామూలుకొచ్చింది. సీబీడీ వల్లేనని నాలుగు రోజులతో తేల్చి చెప్పలేను, కానీ ఇంకో నెల వేసుకుని ఉంటే, ఎక్కడో కాలు జారి పడి ఉంటే అనే ఆలోచన ఇప్పటికీ వస్తుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్ల మందుల డబ్బా ఒకసారి తీసి చూడండి. దానిలో "గ్రేప్‌ఫ్రూట్ (పంపరపనస జాతి పండు) తినొద్దు" అన్న హెచ్చరిక ఉన్న మందు ఏదైనా ఉంటే, సీబీడీకి ముందు తప్పకుండా డాక్టర్ని అడగాలి.

ఒకే సైజు సీసా 25 డాలర్లూ, 120 డాలర్లూ ఎందుకుంది?

సీసాని సీసాతో పోల్చకండి, మిల్లీగ్రాముతో పోల్చండి. 300 మిల్లీగ్రాముల సీసా 30 డాలర్లయితే మిల్లీగ్రాముకి 10 సెంట్లు. 1500ది 75 డాలర్లయితే 5 సెంట్లు. చవగ్గా కనిపించిన సీసాయే రెట్టింపు ఖరీదు. పైన చెప్పిన 69 డాలర్ల సీసాని లేబుల్ ప్రకారం లెక్కేస్తే 4.6 సెంట్లు, లోపల నిజంగా ఉన్నదానితో లెక్కేస్తే 6.3.

ముడిసరుకు ఖరీదు వింటే ఆశ్చర్యపోతారు. 2018 చట్టం వచ్చాక ఎడాపెడా హెంప్ వేశారు, 2019 మొదట్లో కిలో ఐసోలేట్ వేల డాలర్లు పలికింది, రెండేళ్లు తిరిగేసరికి వందల్లోకి పడిపోయింది. అప్పులు తెచ్చి వేసిన రైతులు గోదాముల్లో పంటతో మిగిలిపోయారు. లెక్క కోసం కిలో 500 డాలర్లు అనుకుందాం. అప్పుడు 1500 మిల్లీగ్రాముల సీసాలో ఉన్న సీబీడీ విలువ 75 సెంట్లు. మీరిచ్చే 75 డాలర్లలో అది వందో వంతు.

మిగతాది ఎక్కడికి పోతుందంటే, నూనె, సీసా, డ్రాపర్ కలిపినా పెద్ద మొత్తం కాదు. పరీక్షలకి ఖర్చుంది. ఒక బ్యాచ్‌కి అన్ని పరీక్షలకీ 500 డాలర్లయిందనుకోండి, 200 సీసాలు చేసే చిన్న కంపెనీకి సీసాకి రెండున్నర డాలర్లు, 5000 చేసే కంపెనీకి పది సెంట్లు. చాలా బ్యాంకులు, కార్డు కంపెనీలు ఈ వ్యాపారాన్ని రిస్క్ కింద చూస్తాయి కాబట్టి ఎక్కువ కమీషన్ పట్టుకుంటాయి. మిగిలిన పెద్ద ముక్క ప్రకటనలకీ, ఇన్‌ఫ్లుయెన్సర్ల వాటాలకీ, షాపువాడి లాభానికీ. గమ్మీలు, క్యాప్సూల్స్ మిల్లీగ్రాము లెక్కన సాధారణంగా నూనె కంటే ఖరీదే.

ధర ఎక్కువైతే నాణ్యత ఎక్కువని లేదు. ఒక కంపెనీ ప్రతి బ్యాచ్‌కీ పూర్తి రిపోర్టు పెడుతూ, మిల్లీగ్రాముకి నాలుగైదు సెంట్లు తీసుకుంటే నాకది న్యాయంగానే అనిపిస్తుంది. రెండు సెంట్లకీ మంచి సరుకు ఉంటుంది, పన్నెండు సెంట్లకీ నాసిరకం ఉంటుంది. ఇంకో లెక్క కూడా వేసుకోండి. బ్రెజిల్ పరిశోధనలో వాడిన 300 మిల్లీగ్రాములు ఐదు సెంట్ల చొప్పున రోజుకి 15 డాలర్లు, నెలకి 450. ఎపిడియోలెక్స్ బజారులోకి వచ్చినప్పుడు ప్రకటించిన ధర ఏడాదికి సుమారు 32,500 డాలర్లు, అది ఇన్సూరెన్స్ భరించే మందు.

డెల్టా-8 కూడా హెంప్ నుంచే కదా?

హెంప్ నుంచి తీసిన సీబీడీని ఆమ్లంతో ఉడికించి రసాయనికంగా మారిస్తే వచ్చే ఇంకో రకం టీహెచ్‌సీ అది. మత్తెక్కుతుంది. ఆ చర్యలో పక్కన ఇంకేవేవో పుడతాయి, మా మెషీన్ గీసే గ్రాఫులో (క్రోమటోగ్రామ్) ఏ పదార్థానివో పేరు పెట్టలేని శిఖరాలు చాలా కనిపిస్తుంటాయి. పెట్రోలు బంకుల్లో అమ్మే రంగురంగుల ప్యాకెట్లు ఇంట్లో పిల్లలకి చాక్లెట్లలా కనిపిస్తాయి. నేను ఇంటికి తేను, మిమ్మల్నీ తేవొద్దంటాను.

డ్రగ్ టెస్ట్‌లో, వీసా విషయంలో ఇబ్బంది అవుతుందా?

టెస్ట్ వెతికేది టీహెచ్‌సీ విరిగాక మిగిలే పదార్థాన్ని, సీబీడీని కాదు. ఫుల్ స్పెక్ట్రమ్ రోజూ వాడితే అది పోగుపడి పాజిటివ్ రావచ్చు. "నేను సీబీడీ వాడాను" అనే వివరణని ఒప్పుకోబోమని అమెరికా రవాణా శాఖ 2020లోనే చెప్పేసింది, ట్రక్కులు నడిపే మనవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. హెచ్-1బీ మీద, గ్రీన్‌కార్డు వరసలో ఉన్నవాళ్లకి నా మాట ఒకటే, మీ రాష్ట్రంలో ఏది చట్టబద్ధమైనా ఫెడరల్ చట్టంలో మారిజువానా నిషిద్ధమే. లేబుల్ తప్పై సీసాలో ఉన్నది మారిజువానా అని తేలితే సమస్య మీది అవుతుంది, కంపెనీది కాదు.

ఇండియాకి తీసుకెళ్లొచ్చా? అక్కడ దొరికేదేమిటి?

తీసుకెళ్లకండి. అమెరికా ఎయిర్‌పోర్టులో వదిలేసినంత మాత్రాన శంషాబాద్‌లో వదిలేస్తారని లేదు. ఇండియాలో మాదకద్రవ్యాల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టానికి 0.3 శాతం గీత లేదు. ఆ చట్టం పూతని, బంకని గంజాయి, చరస్ కింద చూస్తుంది, పూత లేని ఆకునీ గింజల్నీ మాత్రమే బయట ఉంచింది. మీ సీసాలో నూనె పూతలోంచి తీసిందే. దుబాయ్ మీదుగా వెళ్లేవాళ్లకి ఇంకా ప్రమాదం, అక్కడ చట్టాలు చాలా కఠినం.

ఇండియాలో ఆన్‌లైన్‌లో దొరికేవి ఆకు నుంచి తీసిన సారంతో, ఆయుర్వేద లైసెన్సు మీద, కానాబిస్‌కి సంస్కృతంలో ఉన్న "విజయ" అనే పేరుతో అమ్మేవి. ఆయుర్వేద మందుల నిబంధనల్లో భంగు షెడ్యూల్ ఈ(1)లో ఉంది, అంటే వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలి. కాబట్టి వీడియో కాల్‌లో రెండు నిమిషాలు మాట్లాడి ప్రిస్క్రిప్షన్ ఇచ్చేవాళ్లని కాకుండా, మీ మందులన్నీ తెలిసిన డాక్టర్ని అడగండి. పారిశ్రామిక హెంప్ సాగుకి 2018లో ముందుగా లైసెన్సు ఇచ్చింది ఉత్తరాఖండ్. హెంప్ గింజలు, గింజల నూనె, పిండిని ఆహారంగా అమ్మడానికి మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2021 నవంబరులో అనుమతించింది. మన ఏజెన్సీ ప్రాంతంలో దొంగచాటుగా పండేది వీటిలో ఏదీ కాదు, టీహెచ్‌సీ దండిగా ఉన్న గంజాయి అది. "మన్యం ఆకుతో ఇంట్లోనే సీబీడీ నూనె కాచుకోవచ్చు" అని వాట్సాప్‌లో తిరిగే వీడియోలు చూసి ఎవరూ మోసపోకండి. అందులో వచ్చేది టీహెచ్‌సీ నూనె, దానితోపాటు జైలు.

తెరిచిన సీసా ఎన్నాళ్లు ఉంటుంది?

వెలుతురు, వేడి, గాలి పడవు. మూత బిగించి అల్మరాలో పెట్టండి, పొయ్యి పక్కన వద్దు, కారులో అసలే వద్దు. మా ల్యాబ్‌లో దాచి ఉంచిన శాంపిళ్లలో గాలి తగిలిన డిస్టిలేట్ గులాబీ ఛాయకి మారడం చాలాసార్లు చూశాను, సీబీడీ ఆక్సీకరణ చెందుతోందనడానికి అది గుర్తు. నూనె కాబట్టి ముక్కిన వాసన వస్తే పారెయ్యండి. సీసా తెరిచిన రోజే తేదీ, మిల్లీలీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో, రెండూ మార్కర్‌తో మూత మీద రాసిపెట్టుకోండి.